రెండు విమానాల మధ్య మా బావగారు

మా బావగారు పోయిన పదో రోజున కాకికి పెట్టేటప్పుడు ఒక విస్తరి చాలన్నాను. మా ఇంటాయన వినలేదు. అన్నకు వంకాయ ఇష్టమో గోంగూర ఇష్టమో ఆయనకు తెలవదు. తెలిసేదానికి బావగారు బతికుండగా ఎన్నడన్నా చెప్పింటే గదా. రెండు విస్తర్లు వేసి రెండూ పెట్టినాము. కాకి రానే వచ్చింది. గోడ మీద వాలింది. ఈ విస్తరి దగ్గరికి నాలుగు గెంతులు, ఆ విస్తరి దగ్గరికి నాలుగు గెంతులు, మళ్ళీ గోడ మీదికి. ఎండ నెత్తిన మండుతా ఉంది. వచ్చిన చుట్టాలు ఆకలితో ఉండారు. వండిన అన్నం లోపల గడ్డ కడతా ఉంది. కాకి మాత్రం మెడ అటొకసారి ఇటొకసారి తిప్పుకుంటా కూసుంది.

"సందేహం లేదు. వచ్చింది మా అన్నే," అని మా ఇంటాయన కండ్లు తుడుచుకున్నాడు.

నాకు కండ్లనీళ్ళు రాలేదు, ఒళ్ళు మండింది. పోయినాక గూడా పదిమందిని ఎండలో నిలబెట్టగలిగిన మనిషి ఆయనొక్కడే.

అన్నదమ్ములిద్దరికీ కలిపి మార్కాపురంలో పలకల షెడ్డు. గనిలోంచి వచ్చిన రాయిని రేకులుగా చీల్చి, కొలతకు కోసి, నీళ్ళు పోసి నున్నగా రుద్ది, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే పిల్లకాయలు బడికి పట్టుకపొయ్యే పలక. చీల్చేదీ కోసేదీ మగవాళ్ళు. రుద్దేది ఆడవాళ్ళు. ఆ ఆడవాళ్ళ పని చూసుకునేది నేను. మా తోటికోడలు చిన్నవయసులోనే పోయింది, పిల్లల్లేరు. అప్పటినుంచి బావగారి తిండి మా ఇంట్లోనే.

మా ఇండ్లల్లో తమ్ముని పెండ్లాం బావగారి ఎదురుగా నిలబడి మాట్లాడగూడదు. తలుపు చాటునుండి ఇంకెవరికో చెప్పినట్టు చెప్పాల. ఇంట్లో ఇంకెవరూ లేకుంటే ఏం చేసేది? కొట్టంలో బర్రె ఉండేది. దానికి చెప్పేదాన్ని.

"ఏమే బర్రే, కూర చల్లారిపోతా ఉంది. తినేవాళ్ళు ఎప్పుడొస్తారో."

ఆయన వసారాలోంచి, "చేతులు కడుక్కుంటా ఉండానని చెప్పు బర్రే," అనేవాడు.

ఇట్ల మా సంసారంలో సగం మాటలు ఆ బర్రె చెవిన పడినాయి. ఈనినప్పుడు పాలు తక్కువిస్తే నేనేమీ ఆశ్చర్యపోలేదు.

బావగారికి ఏది కనపడినా వేలి కణుపుతో తట్టి చూసే అలవాటు. షెడ్డులో అది పనే. రాయి లోపల బీట ఉంటే మొద్దుగా పలుకుతుంది, లేకుంటే ఖంగుమంటుంది. రాయి దగ్గర ఆయనకు ఆలోచన లేదు, తట్టినాడంటే ఉంచడమో పారెయ్యడమో. ఆ తట్టుడు ఇంటిదాకా తెచ్చినాడు. కుండ తట్టేది, తలుపు తట్టేది, గుమ్మడికాయ తట్టేది. మా పెద్దమ్మాయికి సంబంధం చూడబోయి, పెండ్లికొడుకును ఒక్క మాట అడక్కుండా వాళ్ళింటి దూలాలన్నీ తట్టి వచ్చినాడు.

"ఇల్లు గట్టిది," అన్నాడు.

"పిల్లోడెట్లుండాడో చెప్పరేమే?" అని బర్రెనడిగినాను.

"పిల్లోన్ని తడితే ఏం బాగుంటుంది?" అన్నాడు ఆయన.

తట్టి చూసేదానికి వీలులేని చోటనే వచ్చేది తంటా అంతా. కంభం తిరణాలకు పోయి తువ్వాలు కొనుక్కోమంటే పొద్దున బోయినవాడు పొద్దుగూకినాక వచ్చినాడు, ఈ భుజాన ఒకటి, ఆ భుజాన ఒకటి వేసుకోని. "రెండూ బాగనే ఉండాయి, అదే వచ్చిన చిక్కు," అన్నాడు. ఈ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. ఒక్క తువ్వాలుతో పొయ్యేదానికి రెండు.

ఇట్లాంటి మనిషి మీద మా అందరి కూడూ వచ్చి పడింది ఒకసారి. రాజధానిని మా కర్నూలు నుండి హైదరాబాదుకు మార్చిన కొన్నేండ్లకు.

లండనులో ఒక దొర మా పలకలు కొని ఆఫ్రికా దేశాల బడులకు పంపించేవాడు. ముందటేడు ఓడలో పోయిన సరుకు సగానికి సగం ముక్కలై దిగింది. దొరకు కోపమొచ్చి కొనడం మానుకున్నాడు. షెడ్డు ఆగిపోయింది. రుద్దే ఆడవాళ్ళు రోజూ అలవాటు కొద్దీ వచ్చి మా వాకిట్లో కూసోని, మధ్యాన్నందాకా చూసి లేచిపొయ్యేవాళ్ళు. పుల్లలచెరువు పక్కనుండి వచ్చి మా ఊర్లో కాపురం పెట్టినవాళ్ళు ఎక్కువ. అక్కడ తాగేదానికే నీళ్ళుండవు, సేద్యమేం చేస్తారు. పని లేకుంటే వాళ్ళకు మిగిలింది గుంటూరు పక్క మిరపకాయలు కోసేదానికి మేస్త్రీ లారీ ఎక్కడమే.

అప్పుడు మద్రాసునుండి దొర ఏజెంటు జాబు రాసినాడు. మా ఇంటాయన అందరికీ చదివి వినిపించినాడు. పలకలు ఈసారి విరగకుండా కట్టే పద్ధతి ఏదో కనిపెట్టి, ఒక పెట్టె కట్టి, షెడ్డు పెద్ద తానే స్వయంగా దాన్ని తీసుకోని లండను రావాల. దొర ఎదుట పెట్టె విప్పాల. బాగుంటే ఆర్డరు, లేకుంటే ఇక మన మొగం చూడడు. విమానం ఖర్చు దొరదే, అదీ ఫస్టు క్లాసు. బొంబాయినుండి లండనుకు రెండు రకాల విమానాలు పోతాయి. ఒకటి కొత్తగా వచ్చిన జెట్టు. పంకాలుండవు, చానా ఎత్తున పోతుంది, రాత్రి ఎక్కితే మర్నాటికి దించుతుంది, పెద్ద కుర్చీ ఇస్తారు. రెండోది పాత పంకాల విమానం. దోవలో ఊరూరా ఆగుతుంది, రెండు దినాలు పడుతుంది, కుర్చీని పరుపు మాదిరి పరిచి పండుకోనిస్తారు. ఏది కావాల్నో తెలియజేస్తే సీటు ఖాయం చేస్తాము. ఇదీ జాబు.

"ఫస్టు క్లాసెందుకే బర్రే? కింది తరగతిలో కూసుంటే విమానం వెనక దిగుద్దా? మిగిలింది మనకే ఇమ్మని దొరకు రాస్తే పోలా?" అన్నాను నేను.

"పెట్టె ఒళ్ళో పెట్టుకోనిచ్చేది ఫస్టు క్లాసులోనేనంట. కింది తరగతిలో వాళ్ళే తీసుకోని విమానం పొట్టలో పడేస్తారంట. ఇది గూడా చెప్పు దానికి," అన్నాడు బావగారు.

పెట్టె కట్టేది మాత్రం తొందరగానే తేలింది. ఒకటొకటిగా పలకను పాత గుడ్డలో చుట్టి, సందుల్లో శనక్కాయ పొట్టు కూరి, మూత బిగించినాడు. పాత గుడ్డ అంటే నా బొంత. ఎన్నో ఏండ్ల చీరలు కలిపి కుట్టుకున్న బొంత. చలికాలం ఎట్లరా అని నేను బర్రెతో మొత్తుకుంటా ఉంటే ఆయన పరపరా చింపుతా కూసున్నాడు.

ఇక విమానం సంగతి. రెండు పలకలు తీసి వసారా గోడకు తగిలించినాడు. ఒకదాని మీద జెట్టు, ఒకదాని మీద పంకాలది, బలపంతో బొమ్మలు గీసినాడు. రెండూ తోక పొడుగు బాతుల్లాగనే ఉండేవి. ఎవరొచ్చినా వాటి ముందర నిలబెట్టి అడిగేది.

గిద్దలూరు బస్సు డ్రైవరు చాయ తాగేదానికి ఆగినాడు. "కుదుపంతా ఎక్కేకాడ, దిగేకాడ ఉంటాది పెద్దాయనా. నా బస్సే చూడు, ఆగకుండా పోతే ఎవరికీ నొప్పి లేదు. ఊరూరా ఆగేది మీ పంకాలది. జెట్టెక్కు."

"నిజమే," అన్నాడు బావగారు. జెట్టు కింద ఒక గీత గీసినాడు.

అర్ధవీడునుండి గొర్లు తోలుకొచ్చిన పెద్దాయన కట్టె మీద గడ్డమానించి రెండు బొమ్మలూ చూసినాడు. "నేను కొండమీద ఉన్నప్పుడు రెండూ చూసినా సామీ. పంకాలదైతే ముందు సప్పుడొస్తది, వెనక విమానం. అది మర్యాద. ఈ కొత్తదుంది చూడు, అది పోయినాక సప్పుడొస్తది. తన సప్పుడే తనను అందుకోలేనిదాన్ని నమ్మి మనిషి ఎట్ల ఎక్కుతాడు?"

"అదీ నిజమే," అని పంకాలదాని కింద ఒక గీత.

పంతులు పంచాంగం తిప్పినాడు. జెట్టు పొయ్యేది మంగళవారం. మంగళవారం ప్రయాణం పనికిరాదు. పంకాలది శుక్రవారం. శుక్రవారం ఇంట్లోంచి లక్ష్మి గడప దాటగూడదు. రెండింటికీ దోషముంది, రెండింటికీ శాంతి ఉంది అన్నాడు. ఆయన సొమ్మేం పోయింది.

ఇంతమందితో తేలక, తట్టి చూసేదానికి విమానం దొరక్క, బావగారు ఒక ఉపాయం కనిపెట్టినాడు. అట్లాంటి ఉపాయం మా షెడ్డులో తప్ప ఇంకెక్కడా పుట్టదు. ఒకే మాదిరి రెండు పెట్టెలు కట్టినాడు. ఒకటి బస్సు మీద వేసి గిద్దలూరు పంపించినాడు, అదే బస్సులో తిరిగి రావాల. అది జెట్టు. ఇంకోటి ఎద్దులబండిలో పుల్లలచెరువు దోవన పంపించినాడు, ఊరూరా ఆపి మరీ తోలమన్నాడు. అది పంకాల విమానం.

"బస్సుకు రెక్కలుండాయా బర్రే?" అన్నాను నేను.

"కుదుపు కుదుపే. ఆకాశమైతే ఏంది, రోడ్డైతే ఏంది," అన్నాడు.

రెండు పెట్టెలూ తిరిగి వచ్చినాయి. వాకిట్లో అందరూ మూగినారు. బస్సు పెట్టె విప్పితే ఒక పలక బీట వారింది. బండి పెట్టె విప్పితే అందులోనూ ఒకటి బీట వారింది. బావగారు రెండు బీటల్నీ పక్కపక్కన పెట్టుకోని మధ్యాన్నందాకా చూసినాడు. గుడ్డలు ఇంకా మందంగా చుట్టి మళ్ళీ పంపించినాడు. ఈసారి రెంట్లోనూ ఒక్కటి విరగలేదు.

"చూసినారా, రెండూ బాగనే ఉండాయి..." అని మొదలు పెట్టినాడు. నేను చేతిలో చెంబు నేలకేసి కొట్టినాను. అది సొట్టపోయింది. నా ఇత్తడి చెంబు.

మద్రాసునుండి రెండో జాబు వచ్చింది. మూడోది తంతి. ఈ దినం జవాబియ్యకుంటే సీటు లేదు, దొర వేరే దేశం పలకలు చూసుకుంటాడు అని. పోస్టుమాను, "జవాబు రాసిస్తే నేనే పోయి కొట్టిస్తా. ఆఫీసు మూసేలోగా ఇయ్యండి," అని అరుగు మీద కూసున్నాడు. మా ఇంటాయన కాగితం, కలం పట్టుకోని అన్న మొగం చూస్తా ఉండాడు. అన్న పలకల మొగం చూస్తా ఉండాడు.

వాకిట్లో ఆడవాళ్ళుండారు. వాళ్ళలో పెద్దది ఓబులమ్మ. రుద్ది రుద్ది అరచేతుల్లో గీతలు గూడా అరిగిపోయిన మనిషి. తలుపు దగ్గరికి వచ్చి నాతో మెల్లిగా చెప్పింది.

"అమ్మా, ఎల్లుండి మేస్త్రీ లారీ వస్తదంట. ఉండమంటే ఉంటాము, పొమ్మంటే పోతాము. ఏదో ఒకటి చెప్పమ్మా. పోతే పిల్లోళ్ళ బడి మానిపించి తీసకపోవాల."

పలకలు చేసేవాళ్ళ పిల్లోళ్ళు పలక వదిలిపెట్టి పోవాల్నంట. అక్కడ బావగారు గీతలు లెక్క పెడతా ఉండాడు. రెండు పక్కలా సమానం వచ్చినట్టుంది. తల గోక్కున్నాడు.

నేను గడప దాటి వసారాలోకి వచ్చినాను. నా కాపురంలో ఆ వసారాలో ఆయన ఉండగా నేను అడుగుపెట్టింది లేదు. పోస్టుమాను లేచి నిలబడినాడు. పంకాల విమానం పలక మీద ఇంత నీళ్ళు చల్లి కొంగుతో తుడిచేసినాను.

"బావా, జెట్టు," అన్నాను. మొగం మీదనే అన్నాను.

మా ఇంటాయన చేతిలో కలం కింద పడింది. బావగారు నా పక్క చూడలేదు, చూడగూడదు గదా. తుడిచేసిన పలక పక్కే చూస్తా ఉండాడు.

"ఎందుకని జెట్టు?" అన్నాడు.

"తొందరగా పోతుంది గనుక. మీరు తొందరగా పోవాల గనుక."

"అట్లనే అమ్మా," అన్నాడు. తంతి పోయింది. నేను లోపలికి పోయినాను. ఆ తర్వాత మళ్ళీ అంతా బర్రెతోనే.

మద్రాసు దాకా మా ఇంటాయన తోడు పోయి, తిరిగొచ్చినాక చెప్పినాడు. అక్కడినుండి బొంబాయికి చిన్న విమానమంట. పెట్టెను కూలీకి ఇయ్యలేదంట, ఏజెంటుకు ఇయ్యలేదంట, చంకలోనే. మెట్లెక్కబోతా ఆగి, విమానం పక్కన నిలబడి వేలి కణుపుతో దాన్ని తట్టినాడంట. కాపలా మనిషి పరిగెత్తుకొచ్చి అరిచినాడంట.

"మీ అన్నేమన్నాడు?" అని అడిగినాను.

"బోలుగా పలుకుతుంది, అయినా బీట లేదు, అన్నాడు."

పోయినవాడు పోయినట్టే. జాబు లేదు, తంతి లేదు. రంగు కార్డు రాసేదా మామూలు కార్డు రాసేదా అని ఆలోచిస్తా ఉంటాడులే అనుకున్నాను. ఎల్లుండి వస్తదన్న లారీ పది దినాలకు వచ్చింది. కొంతమంది ఎక్కినారు. ఓబులమ్మ మూట లారీలోకి ఎత్తింది, మేస్త్రీ పేరు పిలిచేలోపల మళ్ళీ దించుకుంది. "ఆయన రానీలే," అంది. లారీ పోయినాక నా మొగం చూసింది. నేను ఏం చెప్పేది? ఇంట్లో ఉన్న జొన్నల్లోంచి మిగిలినవాళ్ళకు తలా ఇంత కొలిచినాను. ఊరికే ఇయ్యలేదు, షెడ్డు ఊడ్పించినాను.

బావగారు ఒకనాటి సాయంత్రం మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి జట్కాలో వచ్చినాడు. పెట్టె లేదు. అదే పంచె, అదే తువ్వాలు. క్షణంలో వాకిలి నిండింది. గిద్దలూరు డ్రైవరు బస్సు ఆపుకోని వచ్చినాడు, ప్రయాణికులు గూడా దిగి వచ్చినారు. పంతులు వచ్చినాడు. అర్ధవీడు పెద్దాయన సంతకొచ్చి ఉండాడు, గొర్లతోనే వచ్చినాడు. అందరికీ కావాల్సింది ఒకటే, జెట్టెట్లుందని.

"సప్పుడు ముందొచ్చిందా, వెనకొచ్చిందా సామీ?"

"నేను వినలేదబ్బా," అన్నాడు బావగారు.

"ఎక్కేటప్పుడు కుదిపిందా, దిగేటప్పుడా?" అన్నాడు డ్రైవరు.

"పెట్టె ఒళ్ళో ఉండె. దాన్ని పట్టుకోని కూసున్నా."

"ఫస్టు క్లాసు కుర్చీ మెత్తగుందా?"

"ఉండే ఉంటాది."

"ఏం పెట్టినారు తినేదానికి?"

"ఏందేందో తెచ్చినారు. తినాలంటే పెట్టె కింద పెట్టాల. వద్దన్నా."

"కిటికీలోంచి సముద్రం కనపడిందా? మేఘాలు?"

"మూత సందులో పొట్టు రాలుతుందేమోనని చూసుకుంటా ఉన్నా. తెల్లారిందని చెప్పి దించినారు."

జనం మొగాలు చూడాల. ఇన్ని దినాలు ఊరుకు ఊరే కొట్లాడుకున్న విమానం. గీతలు గీసి, శాంతి చేయించి, బస్సు మీదా బండి మీదా ఊరేగించిన విమానం. అందులో కూసోని పోయి, కూసోని వచ్చి, దాన్ని చూడలేదంట ఈయన. నాకు తలుపు చాటున పండ్లు పటపటలాడినాయి.

"ఏమే బర్రే, వచ్చేటప్పుడు పెట్టె లేదు గదా, అప్పుడన్నా చూడగూడదా?"

"వచ్చేటప్పుడు నిద్రపోయినా. పొయ్యేటప్పుడు కన్ను మూస్తే ఒట్టు," అన్నాడు. తర్వాత దొర సంగతి ఎత్తుకున్నాడు. దొర బల్లమీద పెట్టె పెట్టి మూత తీసినాడంట. దొర నా చీర పీలికలు పట్టుకోని ఇదేం గుడ్డ అని అడిగితే, మా ఇంటిది అన్నాడంట. ఒకటొకటిగా పలక విప్పి, తట్టి, వరసగా పెట్టినాడంట. దొర గూడా తట్టినాడంట గానీ ఆయన వేలు సరిగ్గా పడలేదంట. ఒక్కటి విరగలేదు. ఎట్ల తట్టాల్నో దొరకు నేర్పించేదానికి చానా సేపు పట్టిందంట. అది చెప్తానే ఉండాడు. అరుగు మీద తట్టి చూపిస్తా ఉండాడు. అయినాక మజ్జిగడిగినాడు. తాగినాడు. కాళ్ళు చాపుకున్నాడు.

మా ఇంటాయన స్తంభం పట్టుకోని నిలబడినాడు. ఆర్డరు సంగతి అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని ఆయన భయం. నాకూ అదే భయం.

ఓబులమ్మ వాకిట్లోంచి లేచింది.

"సామీ," అంది. "మాకు పనుందా, లేదా?"

బావగారు ఆమె పక్క వింతగా చూసినాడు.

"పనా? రేపటినుండి రాత్రీ పగలూ రుద్దినా సరిపోదు. ముందు తీసుకున్నదానికి రెండింతలు కావాల్నంట. అదే గదా చెప్తా ఉండా ఇంతసేపూ. చెప్పలేదా?"

"చెప్పలేదు!" అని వాకిట్లో ఉన్న జనమంతా ఒక్క గొంతుతో అరిచినారు. గొర్లు బెదిరి వీధిలోకి ఉరికినాయి. అర్ధవీడు పెద్దాయన వాటి వెనక పరిగెత్తినాడు.

ఆడవాళ్ళు మాత్రం అరవలేదు. ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఓబులమ్మ కొంగు నడుముకు దోపుకోని షెడ్డు పక్క నడిచింది. మిగిలినవాళ్ళు ఆమె వెనక పోయినారు. అప్పటికి చీకటి పడతా ఉంది. షెడ్డులో లాంతరు వెలిగింది. రుద్దే రాళ్ళను నీళ్ళ తొట్టిలోకి దించే చప్పుడు ఒకటి తర్వాత ఒకటి వినపడింది. ఎవరో బొక్కెనతో నీళ్ళు గుమ్మరించినారు.

"ఏమే, పొద్దున చేసుకుంటే ఏం పోయింది? కిరసనాయిలు దండగ!" అని కేకేసినాను.

వాళ్ళు వినలేదు. నేను రెండోసారి పిలవలేదు.